కోహాలో అథారిటీ రికార్డు: 400కీ 500కీ తేడా ఏంటి, 670లో ఏం రాయాలి?

ప్రశ్న – అమలాపురం, కాలేజీ లైబ్రరీ

నమస్కారమండి. మా దగ్గర కోహా (లైబ్రరీ సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. తెలుగు పుస్తకాల రికార్డులు కొన్ని జెడ్ 39.50 ద్వారా (వేరే లైబ్రరీల కేటలాగుల్లోంచి) దింపినవి, కొన్ని ఇక్కడే కొట్టినవి. ఇప్పుడు రచయిత పేరుతో వెతికితే కందుకూరి వారు నాలుగు చోట్ల తేలుతున్నారు: "వీరేశలింగం, కందుకూరి", "కందుకూరి వీరేశలింగము పంతులు", "వీరేశలింగం పంతులు", ఆపైన ఇంగ్లీషు లిపిలో అక్షరాల మీద గీతలు, కింద చుక్కలు పెట్టిన రూపం ఒకటి. పుస్తకాలన్నీ ఈ నాలుగింటి కిందా చీలిపోయాయి.

అథారిటీ రికార్డు (పేరు ఏ రూపంలో ఉండాలో చెప్పే రికార్డు) తెరిస్తే 008, 040, 046, 100, 370, 400, 500, 667, 670, 678 అని ఫీల్డు నంబర్ల వరస కనబడుతోంది. బిబ్లియో రికార్డులో (పుస్తకం రికార్డులో) 245, 260 అంటే కళ్లు మూసుకుని చెప్పగలం, ఇది మాత్రం కొరుకుడు పడటం లేదు. వీటిలో తప్పనిసరివి ఏవి? 400లో వేయాల్సినవి ఏవి, 500లో వేయాల్సినవి ఏవి? ఊళ్ల పేర్లు, జిల్లాల పేర్లు మారిపోయాయి కదా, వాటినేం చెయ్యాలి? తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పండి.

జవాబు – రాజమండ్రి

ముందు ఒక్క మాటండి. ఇది కందుకూరి వారి జీవిత చరిత్ర కాదు. "ఈ మనిషి పేరు మన కేటలాగులో ఇలా రాస్తాం, ఇలా కూడా దొరుకుతుంది, ఇలా రాయడానికి ఆధారం ఇది" అని మీరు తీసుకున్న నిర్ణయం, దానికి సాక్ష్యం. ఏ ఫీల్డు చూసినా అది నిర్ణయమా, దారి చూపే బోర్డా, సాక్ష్యమా అని అడగండి. సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

నమూనా కింద ఇస్తున్నాను. ఇక్కడ సబ్‌ఫీల్డ్‌ల (ఫీల్డులోని చిన్న భాగాల) గుర్తులు $ఎ, $డి అని తెలుగులో రాశాను గానీ సిస్టంలో ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టాలి. ఫీల్డు నంబరు పక్కనుండే రెండు గుర్తులు ఇండికేటర్లు, గీత ఉన్నచోట ఇండికేటర్ ఖాళీ అని అర్థం.

046 __ $ఎఫ్ 18480416 $జి 19190527
100 1_ $ఎ వీరేశలింగం, కందుకూరి, $డి 1848-1919
370 __ $ఎ రాజమండ్రి $బి మద్రాసు
400 1_ $ఎ కందుకూరి వీరేశలింగం, $డి 1848-1919
400 1_ $ఎ కందుకూరి వీరేశలింగము పంతులు, $డి 1848-1919
400 0_ $ఎ వీరేశలింగం పంతులు, $డి 1848-1919
400 0_ $ఎ గద్య తిక్కన, $డి 1848-1919
670 __ $ఎ (పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం): $బి ముఖపత్రం (కందుకూరి వీరేశలింగము పంతులు)

100 అంటే నిర్ణయం. ఒక రికార్డులో 1తో మొదలయ్యే శీర్షిక ఒక్కటే ఉంటుంది: మనిషైతే 100, సంస్థ అయితే 110, సభ, సమావేశం అయితే 111, విషయం 150, స్థలం 151. 100లో మొదటి ఇండికేటర్ 1 అయితే ఇంటిపేరు తరహా ఎంట్రీ, 0 అయితే పిలిచే పేరు ఉన్నది ఉన్నట్టు, 3 అయితే వంశం పేరు. ఇక్కడ 0, 1 తారుమారైతే రికార్డు చెడిపోదు గానీ, దింపిన రికార్డులతో పోల్చేటప్పుడు తేడా కొడుతుంది.

400 దారి చూపే బోర్డు. "ఈ పేరుతో వచ్చావా, అక్కడికి వెళ్లు" అంటుంది. ఆ పేరు కింద పుస్తకాలేమీ ఉండవు. 500 అలా కాదు. అటువైపు కూడా సొంత రికార్డు, సొంత పుస్తకాలు ఉన్న ఇంకో శీర్షిక ఉంటుంది. "ఇదీ చూడు, అదీ చూడు" అన్నమాట. మీ నాలుగు రూపాలూ ఒకే మనిషివి, కాబట్టి ఒకటి 100, మిగతా మూడూ 400. ఇక్కడ 500తో పని లేదు.

500 ఎక్కడ కావాలో చూడాలంటే తిరుపతి వేంకట కవుల్ని తీసుకోండి. ఇద్దరు మనుషులు, ఒక జంట పేరు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రికి ఒక రికార్డు, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రికి ఒకటి, జంట పేరుకి మూడోది. జంట పేరు రికార్డులో ఇద్దరికీ చెరో 500, ఆ ఇద్దరి రికార్డుల్లోనూ జంట పేరుకి 500. విడిగా రాసినవి విడి పేర్ల కింద, కలిసి రాసినవి జంట పేరు కింద. జంట పేరుని చెళ్లపిళ్ల వారి రికార్డులో 400గా వేశారంటే దివాకర్ల వారిని కేటలాగులోంచి తుడిచేసినట్టే. దింపిన రికార్డులో 500 ముందు $డబ్ల్యూలో "ఎన్ ఎన్ ఎన్ సి" అని కనిపిస్తే కంగారు పడకండి. ఈ 500ని మామూలు "ఇది కూడా చూడు"గా చూపించొద్దు, 663లో రాసిన వివరణ వాక్యం చూపించు అని దాని అర్థం.

670 సాక్ష్యం. అందరూ వదిలేసేది ఇదే, నా లెక్కలో 100 తర్వాత ముఖ్యమైనదీ ఇదే. $ఎలో ఏ పుస్తకం చూసి రాశారో, $బిలో అందులో ఏ పేజీలో పేరు ఏ రూపంలో ఉందో, ఉన్నది ఉన్నట్టు. "వీరేశలింగము" అని ఉంటే "వీరేశలింగం" అని దిద్దకూడదు. పుట్టిన సంవత్సరం, ఊరు లాంటివి కూడా ఎక్కడ దొరికాయో ఇక్కడే. రేపు అదే పేరుతో ఇంకొకరు తగిలితే ఇద్దరినీ విడదీయడానికి పనికొచ్చేది 670 తప్ప మరోటి లేదు. 675 దీనికి తోబుట్టువు: "ఇక్కడ వెతికాను, దొరకలేదు" అని రాసుకునేది.

667 లోపలి నోటు, పాఠకుడికి కనబడదు. 678 పాఠకుడి కోసం రాసే రెండు వాక్యాల పరిచయం. 370, 372, 374, 377 వరసగా ఊరు, కృషి చేసిన రంగం, వృత్తి, భాష. ఉంటే మంచిదే, లేకపోతే కొంప మునగదు. చిన్న లైబ్రరీకి 040 (రికార్డు కట్టిందెవరో చెప్పేది), 100, 400లు, ఒక్క 670 చాలు.

జవాబు – కాకినాడ

పైవారు చెప్పినదంతా సరే, ఒక్క చోట నాది వేరే మాట. మన పాఠకుడు "కందుకూరి" అనే వెతుకుతాడండి, "వీరేశలింగం, కందుకూరి" అని ఎవరూ కొట్టరు. తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది, కామా పెట్టి వెనక్కి నెట్టడం మన అలవాటు కాదు. 100లో "కందుకూరి వీరేశలింగం, 1848-1919" ఉంచి, కామా రూపాన్ని 400కి పంపడం మేలు.

కామా రూపం వచ్చిందెక్కడి నుంచంటే, ఏఏసీఆర్2 అనే కేటలాగింగ్ నియమావళిలో భారతీయ పేర్లకి 22.25 అని విడిగా నియమం ఉంది. ఇంటిపేరుగా వాడుకున్నది లేదనుకుంటే దక్షిణాది పేర్లని పిలిచే పేరు కింద ఎక్కించమంటుంది. దింపిన రికార్డులు ఆ లెక్కలో ఉంటాయి.

ఏది ఎంచుకున్నా ఫరవాలేదు గానీ లైబ్రరీ మొత్తానికి ఒకటే పద్ధతి, కాగితం మీద రాసి గోడకి అంటించండి. కందుకూరికి ఒకటి, చెళ్లపిళ్లకి ఒకటి అయితే మళ్లీ మొదటికే వస్తారు. బయటి రికార్డులు ఎక్కువగా దింపేవాళ్లకి మాత్రం కామా రూపమే పని తగ్గిస్తుంది, అది ఒప్పుకుంటాను.

ఇంగ్లీషు లిపి రూపాన్ని చెరపకండి, 400గా ఉంచండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పేర్ల ఫైల్లో ఇతర లిపుల రూపాల్ని 400ల్లో చేర్చడం 2008లో మొదలైంది. అప్పుడు తీసుకున్న లిపుల్లో చైనీస్, జపనీస్, కొరియన్, అరబిక్, పర్షియన్, హీబ్రూ, యిడ్డిష్, సిరిలిక్, గ్రీకు ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి అక్కడి నుంచి దింపినదాంట్లో తెలుగు అక్షరం ఉంటుందని ఎదురు చూడొద్దు. తెలుగు రూపం మీరే చేర్చుకోవాలి, 040 $బిలో కేటలాగు భాష "టి ఇ ఎల్" అని పెట్టుకోవాలి.

జవాబు – భీమవరం

008 గురించి ఎవరూ ఎత్తలేదు. 40 అక్షరాల గొలుసు అది, స్థానాల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. "10వ స్థానం" అంటే పదకొండో అక్షరం. తప్పులన్నీ ఈ ఒక్క అంకె దగ్గరే పుడతాయి. కోహాలో ఆ ఫీల్డు పక్కనున్న బొమ్మ నొక్కితే డబ్బాలు తెరుచుకుంటాయి, వాటిలోనే నింపండి, చేత్తో గొలుసు కొట్టకండి.

చూడాల్సినవి నాలుగైదే. 09లో ఎ అంటే ఇది ఖాయం చేసిన శీర్షిక. 10 ఏ నియమాలు: సి అంటే ఏఏసీఆర్2, దాని తర్వాతి నియమావళి ఆర్‌డీఏ అయితే ఇక్కడ జెడ్ పెట్టి 040 $ఇలో "ఆర్ డి ఎ" అని రాయాలి. 11 ఏ విషయసూచి (విషయ శీర్షికల జాబితా): ఎ అంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ శీర్షికలు. కోహా కొత్త రికార్డుకి 10లో సి, 11లో ఎ తనంతట తనే పెట్టేస్తుంది. అంటే మీరు సొంతంగా కట్టిన "కొబ్బరి పీచు పరిశ్రమ" అనే 150 కూడా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ శీర్షికనని చెప్పుకుంటుంది. స్థానిక విషయ శీర్షికలకి 11లో జెడ్ పెట్టండి. లింకర్ (బిబ్లియోల్ని అథారిటీలతో కలిపే కోహా భాగం) విషయసూచిని కూడా చూడాలనే సెట్టింగ్ వేస్తే ఈ అక్షరమే లింకు కలుపుతుంది, తెగ్గొడుతుంది.

32వ స్థానం: ఎ అయితే ఈ పేరు ఒకే మనిషిది, బి అయితే విడదీయని పేరు, అంటే చాలామందిని ఒకే సంచిలో వేసినది. మన వైపు "కె. సత్యనారాయణ" లాంటి పేరుకి కొదవ లేదు. బి పెట్టి అందరినీ కలిపేస్తే తర్వాత విడదీయడం నరకం. పుట్టిన సంవత్సరం $డిలో, పొడి అక్షరాల విడుపు $క్యూలో, అవేవీ దొరక్కపోతే $సిలో "(వ్యవసాయ శాస్త్రవేత్త)" అని వృత్తి చేర్చి విడిగా కట్టండి.

ఇక కోహా లోపలి సంగతి. బిబ్లియోలో 100 లేదా 700 పక్కన $9 ఉంటుంది, అథారిటీ రికార్డు నంబరు అదే. బొమ్మ నొక్కి అథారిటీని ఎంచుకుంటే $9 పడుతుంది, పేరు చేత్తో కొడితే పడదు. అన్నిటికన్నా ప్రమాదం మూడోది: పాత $9 అలాగే ఉండి పేరు మాత్రం చేత్తో మార్చడం. అప్పటికి బాగానే కనిపిస్తుంది. ఎప్పుడో అథారిటీని ఎవరో సవరించగానే మీరు మార్చింది ఎగిరిపోయి పాత మనిషి పేరు తిరిగొస్తుంది.

ముక్కలన్నీ కలపడానికి వరస: అథారిటీ వెతుకులాటలో రెండు రికార్డుల దగ్గర మెర్జ్ నొక్కండి. ఏది మిగలాలో అడుగుతుంది. 670లు ఎక్కువున్నదాన్ని మిగల్చండి. తర్వాతి తెరలో రెండో రికార్డులోని 400లు, 670లకి టిక్ పెట్టండి. రెండో రికార్డు 100లో ఉన్న రూపం మాత్రం 400గా తనంతట తను మారదు. అది మీరే కొత్త 400గా కొట్టాలి, లేకపోతే ఆ రూపం కేటలాగులోంచే మాయమవుతుంది. ఇలా ఇద్దరిద్దరిని కలుపుతూ మూడు విడతల్లో మీ నాలుగూ ఒకటవుతాయి.

కలిపాక బిబ్లియోల్లో పేరు వెంటనే మారకపోతే అథారిటీ మెర్జ్ లిమిట్ చూడండి. మొదట్లో అది 50. లింకైన బిబ్లియోలు అంతకు మించితే కోహా అప్పటికప్పుడు మార్చదు, రాత్రి తనంతట తను నడిచే మెర్జ్ అథారిటీస్ అనే క్రాన్‌కి వదిలేస్తుంది. ఆ క్రాన్ పెట్టుకోని చోట ఒకటి రెండు పుస్తకాల రచయితలకి మార్పు పడుతుంది, పెద్ద రచయితలకి పడదు. అథారిటీ మెర్జ్ మోడ్ "లూజ్"లోనే ఉంచండి. "స్ట్రిక్ట్" పెడితే అథారిటీలో లేని సబ్‌ఫీల్డ్‌లు బిబ్లియోలోంచి పోతాయి. 700 $ఇలో ఉన్న "అనువాదకుడు", "సంపాదకుడు" అన్నీ తుడుచుకుపోతాయి.

లింకర్ మాడ్యూల్‌ని కూడా "డిఫాల్ట్"లోనే ఉంచండి. సరిగ్గా ఒక్కటే దొరికితేనే కలుపుతుంది. "ఫస్ట్ మ్యాచ్" పెట్టారా, కె. సత్యనారాయణలందరూ మొదటి సత్యనారాయణ గారి ఖాతాలోకి వెళ్లిపోతారు.

అమలాపురం

ధన్యవాదాలండి, చాలావరకు తేటపడింది. ఊళ్ల సంగతి, జిల్లాల సంగతి మిగిలింది. రాజమండ్రికి రెండు రికార్డులు కట్టాలా? ఇంకోటి, 400లో "కాటన్ దొర" అని వేశాను, పాఠకులు వెతికే ఓపాక్‌లో ఆ పేరుతో వెతికితే పుస్తకం రావడం లేదు.

జవాబు – రాజమండ్రి

మా ఊరితోనే మొదలెడతాను. 2015లో రాజమండ్రి రాజమహేంద్రవరం అయింది. ఊరి గురించిన పుస్తకాలకి మాత్రమే శీర్షిక కావాలంటే ఒక్క రికార్డు చాలు: 151లో రాజమహేంద్రవరం, 451లో రాజమండ్రి, ఇంకో 451లో రాజమహేంద్రి. ఇదివరకు మీ కేటలాగులో శీర్షికగా ఉన్న రూపానికి 451లో ముందు $డబ్ల్యూ "ఎన్ ఎన్ ఓ" పెడితే అది పాత శీర్షిక అని గుర్తు. మున్సిపాలిటీ ప్రచురించినవి కూడా ఉండి, ఏ పేరుతో అచ్చయిందో ఆ పేరు కిందే ఉంచాలంటే అప్పుడు రెండు రికార్డులు, మధ్యలో 551.

ఈ 551 దగ్గర అందరూ తిరగేసి వేస్తారు. $డబ్ల్యూలో "ఎ" అంటే ఈ 551లో ఉన్నది ముందు పేరు, "బి" అంటే ఈ 551లో ఉన్నది తర్వాతి పేరు. అంటే రాజమహేంద్రవరం రికార్డులో "ఎ, రాజమండ్రి". రాజమండ్రి రికార్డులో "బి, రాజమహేంద్రవరం". అక్షరం చెప్పేది 551లో ఉన్న పేరు గురించి, 151 గురించి కాదు. 550లో "జి" కూడా అంతే: అక్కడున్నది విస్తృత విషయం అని.

జిల్లాలు ఇంకాస్త జాగ్రత్తగా. 1925లో గోదావరి జిల్లా పేరు తూర్పుగోదావరి అయింది, కాబట్టి తూర్పుగోదావరి 551లో "ఎ, గోదావరి జిల్లా" సరైనదే. పశ్చిమగోదావరి మాత్రం అదే ఏడు కృష్ణా జిల్లాలోంచి విడిపోయింది. పేరులో గోదావరి ఉంది కదాని దానికీ గోదావరి జిల్లాని ముందు పేరుగా కట్టేస్తే తప్పు.

2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు జరిగింది పేరు మార్పు కాదు, విభజన. తూర్పుగోదావరి పేరు అలాగే ఉంది, పరిధి తగ్గింది, కేంద్రం కాకినాడ నుంచి రాజమండ్రికి మారింది. కోనసీమ, కాకినాడ కొత్తగా పుట్టాయి. అందుకని కోనసీమ రికార్డులో తూర్పుగోదావరికి "ఎ" పెట్టకూడదు. ఆ జిల్లా ఇంకా బతికే ఉంది కదా. $డబ్ల్యూ లేకుండా మామూలు 551 పెట్టి, తేదీ, సంగతి 678లో రాయండి. 151లో "డా. బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా", 451లో "కోనసీమ జిల్లా". 2022కి ముందు వచ్చిన తూర్పుగోదావరి పుస్తకాల శీర్షిక మార్చొద్దు. అవి రాసిన జిల్లా అదే.

ఊరి పేరు వెనక బ్రాకెట్లో జిల్లా పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. "కొత్తపేట (తూర్పుగోదావరి జిల్లా)" అని పెట్టినవాళ్లు 2022లో అన్నీ తిరగరాయాల్సి వచ్చింది. కొత్తపేటలు ఒకటికి మించి ఉన్నప్పుడే, విడదీయడానికి వేరే దారి లేనప్పుడే జిల్లా.

ఇంకోటి, ధవళేశ్వరం ఆనకట్టని 110లో వేసినవి చూస్తుంటాం. ఆనకట్ట కట్టడం, సంస్థ కాదు. 151లో వెయ్యాలి. దాన్ని చూసే నీటిపారుదల కార్యాలయం సంస్థ, అది 110.

జవాబు – భీమవరం

కాటన్ దొర సంగతి రెండు విధాలండి.

మొదటిది సెట్టింగ్. 400లో ఉన్న రూపం అథారిటీ వెతుకులాటలో దొరుకుతుంది గానీ, పుస్తకాల వెతుకులాటలో దొరకాలంటే ఇంక్లూడ్ సీ ఫ్రమ్ ఇన్ సెర్చెస్ అనే సిస్టం ప్రిఫరెన్స్ వేయాలి. వేసి వదిలేస్తే చాలదు, బిబ్లియోలన్నీ రీఇండెక్స్ చేయాలి. వెతుకులాటకి జీబ్రా ఇంజిన్ వాడుతుంటే తెలుగు లాంటి లిపుల్ని సరిగ్గా చూసే ఐసీయూ ఇండెక్సింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి.

రెండోది కంటికి కనబడనిది. "కాటన్" చివర పొల్లు ఉంది. కొన్ని టైపింగ్ పద్ధతులు పొల్లు తర్వాత వెడల్పు లేని విడదీత అక్షరం ఒకటి చేరుస్తాయి. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటరుకి మాత్రం ఒకదాంట్లో ఒక అక్షరం ఎక్కువ. దాంతో 100లో ఉన్న "కాటన్, ఆర్థర్, సర్, 1803-1899", బిబ్లియోలో ఉన్న అదే పేరు కలవవు. పట్టుకోవడానికి తేలిక దారి: పొల్లు పక్కనే కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. నొక్కినా తెర మీద ఏమీ చెరగకపోతే అక్కడ దొంగ అక్షరం ఉన్నట్టే. పేరు మొత్తం చెరిపి మళ్లీ కొట్టండి.

కళ్లకి కనబడే తేడాలు వేరే ఉన్నాయి: చెళ్ళపిళ్ళ, చెళ్లపిళ్ల, వేంకట, వెంకట, శాస్త్రి, శాస్త్రులు. ళ కింద ళ వత్తు, ళ కింద ల వత్తు కంప్యూటరుకి రెండు వేర్వేరు పేర్లు. ముఖపత్రాల మీద నిజంగా కనబడిన రూపాలన్నీ 400ల్లోకి రానివ్వండి. ఊహించి మాత్రం పెంచుకుంటూ పోవద్దు. ఒక రికార్డులోని 400 ఇంకో రికార్డు 100తో అచ్చంగా కలవకూడదు. కలిసిందంటే ఏదో ఒక రికార్డులో మనిషి తారుమారయ్యాడని లెక్క.

అమలాపురం

బ్యాక్‌స్పేస్ చిట్కా పనిచేసిందండి, 100లో దొంగ అక్షరం దొరికింది. మెర్జ్ రేపు మొదలెడతాం. మెర్జ్ చేశాక వెనక్కి తీసుకోవచ్చా?

జవాబు – భీమవరం

లేదండి, అన్‌డూ బటన్ ఉండదు. డేటాబేస్ బ్యాకప్ తీసుకుని, ముందు ఇద్దరు ముగ్గురు పుస్తకాలే ఉన్న రచయితతో చేసి చూసి, ఆ తర్వాత కందుకూరి వారి జోలికి వెళ్లండి.